పాత జీపుల పరీక్ష

ఇరువది యేండ్లు దాటిన చిన్న మోటారు బండ్లకు మరల రిజిస్ట్రేషను పొందవలెనన్నచో 10,000 రూపాయలు చెల్లింపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2025-వ సంవత్సరము ఆగష్టు నెలలో ఉత్తరువు చేసియున్నారు. 2022 ఏప్రిలునకు పూర్వము ఇందులకు 600 రూపాయలు చాలెడివి. అప్పటినుండి, పదునైదేండ్లు దాటిన బండ్లకు 5,000 అయ్యెను. ఇరువది దాటినవానికి ఇప్పుడు ఆ మొత్తమే రెట్టింపైనది. దిగుమతియైన నాలుగు చక్రముల బండి యైనచో 80,000. ప్రతి యైదారేండ్లకును బండి మార్చుకొను పట్టణవాసుల కంటికి ఈ ఉత్తరువు ఆని యుండదు. కాని పొలము దారులందును, కొండబాటలందును నాలుగు చక్రములకును బలమిచ్చి నడచెడు పాత జీపునే నమ్ముకొన్నవారు మన జిల్లాలలో ఇంకను గలరు. వారి పక్షమున చెప్పవలసిన మాటలు కొన్ని యున్నవి. వారితోనే చెప్పవలసిన మాటలును అంతకు తక్కువగా లేవు.

జీపు మన దేశమున పుట్టినది కాదు; అయినను మనకు ఇంటిబిడ్డ యైనది. 1940-వ సంవత్సరమున అమెరికా సైన్యమువారు ఏ నేలమీదనైనను పోగల తేలికబండి కావలెనని కోరగా బాంటం అను చిన్న కంపెనీవారు తొలి నమూనాను కొన్ని వారములలోనే సిద్ధపరచిరి. వారి శక్తికి మించిన పని యగుటచే తయారీలో అధికభాగము విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కెను. యుద్ధము ముగియునప్పటికి ఆరులక్షలకు పైబడిన జీపులు తయారైనవి. బర్మా సరిహద్దున పోరాడిన సేనలతో అవి మన దేశమునకును వచ్చినవి. 1945లో లూధియానాలో ఇనుప వ్యాపారముగా ఆరంభమైన మహీంద్రా కంపెనీ, 1947లో విల్లీస్ జీపు భాగములను తెప్పించి బొంబాయిలో బిగించి విక్రయింప మొదలిడెను. తరువాత వచ్చిన సీ.జే. 3బీ నమూనాకు ముందరి మూత ఎత్తుగా నుండుటకు కారణము, లోపలి కొత్త ఇంజను పూర్వపుదానికంటె పొడుగగుటయే. అమెరికాలో ఆ నమూనా 1968తో నిలిచిపోయినది. ఇచ్చట అటుపిమ్మటను ఎన్నో యేండ్లు సాగినది. మన తహసీలుదారులును, కాలువ ఇంజనీర్లును, ఎన్నికల యుద్యోగులును, మోతుబరి రైతులును ఎరిగిన జీపు ఇదియే. డీసెలు జీపులును, 1985 మొదలు మారుతీవారి జిప్సీయును దాని పిదప వచ్చినవి.

ఈ బండ్ల దీర్ఘాయువునకు రహస్యమేమియు లేదు. దృఢమైన ఇనుప చట్రము, దానిమీద బోల్టులతో బిగించిన పెట్టె, ఎడ్లబండివానికైనను ఒక్కసారి చూపినచో అర్థమగు పట్టీల స్ప్రింగులు. గేరుపెట్టె వెనుక మరియొక చిన్న పెట్టె యుండును. డ్రైవరు దాని మీటను ముందునకు వెనుకకు కదలించినచో ముందు చక్రములకును బలమందును. రెండవ మీటతో వేగము తగ్గి లాగుడుబలము సుమారు రెండున్నర రెట్లగును. బురదలో దిగబడిన ట్రాక్టరు ట్రక్కును జీపు మెల్లగా ఈడ్చుకొని వచ్చుటను చూచినవారికి ఇంతకంటె వివరింపనక్కరలేదు. ఇందలి ప్రతి భాగమును విప్పవచ్చును, మార్చవచ్చును. ముప్పదియేండ్ల జీపులో ఇంజను రెండుమారులు బోరు చేయబడి యుండును, గేరుచక్రములు మారియుండును, రేడియేటరు, వైరింగు, బ్రేకు గొట్టములు అన్నియు కొత్తవై యుండును. అట్టి బండికి ముప్పదియేండ్లు నిండినవన్నచో ముప్పదియేండ్లు నిండినది దేనికి? చట్రముమీద చెక్కిన సంఖ్యకు మాత్రమే కదా!

ప్రభుత్వమువారి వాదన మాకు తెలియనిది కాదు. పాతబండి పొగ ఎక్కువ విడుచును, దారిలో చెడును, ఇతరులకు ప్రమాదము తెచ్చును. ఇందు అసత్యమేమియు లేదు. 2020 ఏప్రిలు నుండి అమలులోనున్న భారత్-6 ప్రమాణముల బండితో పాత డీసెలు జీపును పోల్చినచో, పొగ విషయమున జీపు నిలువజాలదు. దీనిని దాచి మాటలాడువాడు జీపుకు మిత్రుడు కాడు. అయితే నిత్యము పట్టణవీధులలో వందలమైళ్లు తిరుగు బండియు, వారమునకు రెండుమారులు తోటనుండి సంతకు పోవు బండియు ఒక్కటే గాలిని ఒక్కటే రీతిని పాడుచేయుచున్నవా? ఢిల్లీ ప్రాంతమున పదియేండ్ల డీసెలు బండ్లను, పదునైదేండ్ల పెట్రోలు బండ్లను తిరుగనీయరాదని హరిత న్యాయస్థానమువారు 2015లో ఆజ్ఞాపింపగా, 2018లో సుప్రీంకోర్టువారును దానిని నిలిపిరి. ఢిల్లీ గాలి యట్టిది. అచ్చటి మందు అచ్చటిదే. పాడేరునకును చింతపల్లికిని ఆ మందు పనికిరాదు.

విచిత్రమేమనగా, వయస్సు చూడవలదు, దార్ఢ్యమును చూడవలెనను సూత్రము ప్రభుత్వమువారిదే. పాతబండ్లను తుక్కు చేయించు విధానమును 2021లో ప్రకటించినప్పుడు, స్వంతబండ్లకు ఇరువదియేండ్ల పిదప యంత్రముల సహాయమున పరీక్ష జరుగుననియు, ఆ పరీక్షలో తప్పిన బండియే తుక్కునకు పోవుననియు సెలవిచ్చిరి. ఇది న్యాయమైన మాట. మేమును దీనినే కోరుచున్నాము. కాని పిదప వచ్చిన రుసుముల పట్టికలో దార్ఢ్యమునకు చోటులేదు. పరీక్షలో నెగ్గిన జీపు యజమాని చెల్లించునది అదే 10,000. బ్రేకులు పట్టని బండికిని, నిన్ననే సరిచేయించిన బండికిని ఒకే వెల పెట్టినచో, మరమ్మతునకై వ్యయపెట్టు బుద్ధి ఎవరికి పుట్టును? పాతజీపు బ్రేకుల నన్నిటిని కొత్తగా వేయించుటకు సరిపడు సొమ్మును కచేరీలో కట్టించుకొని, బ్రేకులు లేవేమని యడుగుట మాకు అర్థము కాకున్నది.

పాతబండ్లను కాపాడుటకు ప్రభుత్వమువారు వేరొక ద్వారమును తెరచిరి. ఏబదియేండ్లు దాటిన బండ్లను పురాతన వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చునని 2021లో నియమము వచ్చినది. తొలి నమోదునకు 20,000 రూపాయలు, పదియేండ్ల గడువు. బండి తన మూలరూపమున నుండవలెను, నిత్యోపయోగమునకు వాడరాదు. అనగా జీపు బ్రతుకవలెనన్నచో పనిమాని అద్దముల గదిలో కూర్చుండవలెను! ఎరువుబస్తాలు మోయు జీపునకు ఈ గౌరవమువలన ప్రయోజనమేమి? మరియొక సందేహము గలదు. యుద్ధకాలమున సేనలతో వచ్చి, వేలములో మన పెద్దలు కొన్న విల్లీసు బండి దిగుమతియైనదా, కాదా? దానిని నేటికిని పనికి వాడుచున్న యజమాని 10,000 చెల్లించునా, 80,000 చెల్లించునా? ఉత్తరువు వ్రాసినవారు ఈ ప్రశ్నకు స్పష్టముగా సమాధానమీయవలెను.

ఇక జీపుల యజమానులతో రెండుమాటలు. పాత బండిని ప్రేమించుచున్నామని చెప్పుకొనువారిలో దాని క్రిందికి దూరి చూచినవారెందరు? పైన రంగు, ముందు వరుసగా దీపములు, ఎత్తైన టైర్లు, ఇవియే పోషణమని భ్రమపడుచున్నారు. చట్రము లోపలినుండి త్రుప్పుపట్టును. సుత్తితో తట్టిచూచిననే తెలియును. స్ప్రింగుల సంకెళ్లకును, స్టీరింగు కీళ్లకును వేయిమైళ్లకొకమారైనను గ్రీజు పెట్టవలెను. పెట్టనిచో ఒకనాడు గుంతలో పడిలేచిన ముందుచక్రములు గడగడ వణకి, స్టీరింగు చేతినుండి జారిపోవును. వాగుదాటి వచ్చిన పిమ్మట చక్రముల ఇరుసులోని నూనెను విప్పి చూడవలెను. అది పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినదన్నమాట. ఆ నూనెతో నడపినచో గేరుపండ్లు నిలువవు. తారురోడ్డుమీద ముందుచక్రముల మీటను వేసియుంచి, బలముగా నడచుచున్నదని సంతసించువారిని మేమెరుగుదుము. మలుపులో ముందుచక్రములు వెనుకచక్రములకంటె ఎక్కువ దూరము తిరుగవలెను. ఈ బండ్లలో ఆ వ్యత్యాసమును సర్దునది నడుమ ఏదియును లేదు. బురదలో చక్రము జారి సర్దుకొనును. గట్టినేలమీద ఆ ఒత్తిడినంతయు గేరుచక్రములే భరించును.

అన్నిటికంటె ముఖ్యము బ్రేకులు. పూర్వపు జీపులలో నాలుగు చక్రముల బ్రేకులకును నూనె పంపునది ఒకే మార్గము. ఎచ్చటనైనను ఒక గొట్టము పగిలినచో నాలుగును ఒక్కసారిగా పోవును. సమతలమున ఇది భయపెట్టు విషయము. ఘాటురోడ్డుమీద ప్రాణములు తీయు విషయము. గొట్టములకును, రబ్బరు కప్పులకును అయ్యెడు వ్యయము పైని దీపములకు పెట్టెడుదానికంటె ఎక్కువ కాదు. పెట్రోలు జీపులో డీసెలు ఇంజను దింపి, ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకమున వ్రాయింపనివారును గలరు. 1988-వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము దీనిని అనుమతింపదు. ప్రమాదము జరిగిననాడు భీమా కంపెనీవారు మొదట చూచునది ఆ పుస్తకమునే.

కిరాయి జీపుల విషయము వేరు. వాని నియమములును వేరే. ఏజెన్సీ గ్రామములకును సంతలకును నడుమ జనులను చేర్చుచున్నవి అవియే. బొర్రాగుహలనుండి కటికి జలపాతమునకు యాత్రికులను తీసికొనిపోవుచున్నవి అవియే. బస్సు పోని చోటికి పోవుచున్నందులకు వానిని నిందింపజాలము. కాని లోపలి జనము చాలక వెనుక మెట్టుమీదను, పైకప్పుమీదను ఎక్కించుకొని ఘాటుదిగు జీపును చూచి కన్నులు మూసికొనజాలము. ఎనమండుగురి బరువునకు చేసిన బ్రేకులు ఇరువదిమంది బరువును ఆపునని ఏ శాస్త్రమును చెప్పదు. ఇందు జీపు వయస్సు దోషము కొంచెమే.

జీపు ఆయువు పనివాని చేతిలో నున్నది. 1966లో వెలసిన విజయవాడ ఆటోనగరువంటి చోట్ల, ఇంజను చప్పుడు వినియే ఏ వాల్వు కాలినదో చెప్పగల మేస్త్రీలు నేటికిని గలరు. వారి కుమాళ్లు కంప్యూటరు తగిలించి దోషములు చదువు కొత్తబండ్ల పనిలో ప్రవేశించుచున్నారు. అందు తప్పేమియు లేదు. అయితే కార్బ్యురేటరు విప్పి సరిచేయుట, ఇరుసు గేర్ల సందును చేతితో కొలిచి అమర్చుట వంటి పనులు ఈ మేస్త్రీలతోనే పోవునేమోయను భయము మాకు కలదు. ప్రభుత్వ కార్యాలయముల బండ్లలో పదునైదేండ్లు దాటినవానికి 2023 ఏప్రిలు 1 నుండి రిజిస్ట్రేషను లేకుండ చేసిరి. తుక్కునకు పోవు ఆ జీపులలో పనికివచ్చు భాగములెన్నియో యుండును. ప్రభుత్వ ఐ.టి.ఐ.లకు కొన్నిటిని ఇప్పించి, అచ్చటి బాలురచేత విప్పించి బిగింపించినచో పని యును నిలుచును, భాగములును దక్కును.

ప్రభుత్వమువారిని మేము కోరునది పాతబండ్లను పరీక్షింపకుండ విడువుమని కాదు. కఠినముగా పరీక్షింపుడు. పొగను, బ్రేకులను, స్టీరింగును, చట్రమును పరీక్షించి, తప్పిన బండిని ఆపుడు. ఏ భాగము చెడినదో కాగితముమీద వ్రాసి యజమాని చేతికిండు. సరిచేయించి తెచ్చుటకు గడువిండు. నెగ్గిన బండికి రుసుము తగ్గింపుడు. కొండప్రాంతపు యజమాని ఒక పరీక్షకై రెండుదినముల పని మానుకొని మైదానమునకు దిగవలసిన యవసరము లేకుండ, పాడేరునను రంపచోడవరమునను ఏటేట వానలకు ముందు పరీక్షకులను పంపి, ఆ దినముల వివరమును సంతలలో దండోరా వేయింపుడు.