రెండో ఫోను దూరంగా పెట్టండి

మన ఫెస్ట్ వీడియోల్లో తప్పెటగుళ్లు వింటే నాకు చిరాకు. ఫోను తీసుకెళ్లి గుండెల మీది తప్పెటకి ఆనించేస్తారు, ఎడిటింగ్‌లో ‘హాల్’ రివర్బ్ కొడతారు. ఇక అది ఏ ఊళ్లో మోగిందో ఎవడికి తెలుస్తుంది?

మొన్న సంక్రాంతికి పలాస దగ్గర ఖాళీగా ఉన్న జీడిపిక్కల గోదాములో మా చిన్నాన్న బృందం వాయించింది. ఒక ఫోను నాలుగడుగుల్లో పెట్టాం, రెండోది బాగా వెనక్కి. నాయిస్ రిడక్షన్ ఆపేశాం (లేకపోతే గోడల మోతని రొద అనుకుని మింగేస్తుంది). ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 17 మీటర్ల అవతలి గోడని కొట్టి తిరిగి రావడానికి సెకనులో పదోవంతు. గజ్జెలు దగ్గరి ఫోన్లో పడ్డాయి, గోదాము దూరపు ఫోన్లో పడింది. రెండూ కలిపి వింటే ఒళ్లు జలదరించింది.

ఇది కొత్తేం కాదు. లెడ్ జెప్పెలిన్ వాళ్లు ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాటకి డ్రమ్స్‌ని ఓ పాత బంగళా మెట్ల కింద పెట్టి, మైకులు పైనుంచి వేలాడదీశారు. ఆ పాట 1971లో వచ్చింది.

మా తాతకి వినిపిస్తే, "బాగుంది గానీ మన తోటలో మోగినట్టు లేదేట్రా" అన్నాడు. ఆ కొబ్బరితోట 2018 తిత్లీ తుపానుకి పోయింది. అక్కడ తప్పెట ఎలా మోగేదో మా దగ్గర ఒక్క రికార్డింగూ లేదు.