వంతెన సరే, గోడ ఏది?

2025 ఆగస్టు చివర్లో వానలు దంచికొట్టినప్పుడు భిక్కనూరు - తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. రైళ్లు ఆగిపోయాయి. వరద ముందుగా పట్టేది కాంక్రీటును కాదు, దాన్ని ఆనుకున్న మట్టిని.

వంతెనల కాడా ఇదే కథ. స్తంభాలు, దూలాల మీద ఉన్న శ్రద్ధ వంతెన కొసన ఉండే అబట్‌మెంట్ మీద, అక్కడి మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ మీద ఉండదు. 'తర్వాత చూద్దాం' అంటారు. తర్వాత అంటే ఎప్పుడు? భూసేకరణ అయ్యాకనా? టెండర్లు పిలిచాకనా? అప్పటికి గోడకు జాగ ఉండదు, అంచనాలో పైసలు ఉండవు.

లెక్క చూడండి. 8 మీటర్ల ఎత్తు కట్టకు ఒకటికి రెండు చొప్పున వాలు ఇస్తే ఒక్కో పక్క 16 మీటర్లు, రెండు పక్కలా 32 మీటర్ల వెడల్పున భూమి పోతుంది. రోడ్డు వెడల్పు దానికి అదనం. బోధన్, ఎడపల్లి వైపు అది నిజాంసాగర్ నీళ్లు పారే పొలం. రోడ్డు వెంబడి గోడ కడితే అందులో చాలా మట్టుకు రైతుకే మిగులుతుంది. గోడకు ఖర్చు ఎక్కువే, కాదనం. కానీ పోయే పొలం విలువను కూడా అదే కాగితం మీద రాసి పోల్చాలి కదా!

గోడ అంటే ఎట్లాగైనా కట్టేది కాదు. ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగింతలు, గోడను బోర్లించే బలం ఎనిమిదింతలు. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. గోడ వెనుక దాన్నే నింపితే గోడ ముందుకు వంగుతుంది. మొరం నింపాలి, నీళ్లు బయటపడే రంధ్రాలు వదలాలి. గోడను వాగులోకి జరిపితే నీటి దారి ఇరుకై పునాది కోతకు గురవుతుంది. ఇవన్నీ తొలి నక్షాలోనే తేలాలి.

ఇది మనకు రాని విద్యా? అలీ నవాజ్ జంగ్ చేతుల మీదుగా 1931 నాటికే మంజీరకు నిజాంసాగర్ కట్టిన గడ్డ ఇది. ఆ నీళ్లతో పండిన చెరుకు కోసం 1937లో బోధన్ ఫ్యాక్టరీ వెలిసింది. 2002లో దాన్ని ప్రైవేటుకు అప్పగించారు. 2015 డిసెంబరులో మూతపడింది. కాగితం మీద నిర్ణయం అయిపోయాక మొత్తుకుంటే ఏమవుతుందో మనకంటే ఎవరికి తెలుసు?

2014లో రాష్ట్రం వచ్చింది. ఇక పరాయివాళ్ల మీద నెపం వేయలేం. తొలి నక్షాను గ్రామసభ ముందు పెట్టాలి. ఇంజనీరింగ్ విద్యార్థులు దాన్ని రైతుకు చదివి చెప్పాలి. సంతకం పెట్టే ఉద్యోగి ముందుగా ఒక్క మాట అడగాలి: గోడ ఏది?