గణనయంత్రము - ఔషధాన్వేషణము

రిస్‌డిప్లామ్ అను మందును ఇతరులు తయారు చేయకుండ రోష్ సంస్థ కోరిన తాత్కాలిక నిషేధమును 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరాకరించినది. సీసా ఒక్కింటికి ఆరు లక్షల రూపాయలకు పైబడి వెలగల యా మందును హైదరాబాదునందలి నాట్కో సంస్థ 15,900 రూపాయలకు విపణికి దెచ్చినది. వెన్నుపాములోని నరకణములు నశించి కండరములు కృశించు బిడ్డల తలిదండ్రులకు ఇది యెంతటి యూరటయో చెప్ప నక్కఱలేదు. మేమును సంతసించితిమి. కాని చౌకగా చేయుట వేఱు, క్రొత్తగా కనుగొనుట వేఱు. ఈ రెండవ పనిలో మన మెచట నున్నాము?

ఈ మందు పట్టు స్థానము విలక్షణమైనది. మందులు సాధారణముగా ప్రోటీనులకు అంటుకొనును. ఇది ఆర్.ఎన్.ఎ.కు అంటుకొని, కణము కత్తిరించి పాఱవేయుచున్న యొక తునకను నిలుపును. మానవుని డి.ఎన్.ఎ.లో ప్రోటీనులను నిర్దేశించు భాగము నూటికి రెండు పాళ్లయినను లేదు. అంతకు ఎన్నో రెట్లు ఆర్.ఎన్.ఎ.గా లిఖింపబడుచున్నది. ప్రోటీనుల చెంత కుదరని చికిత్స ఇచట కుదురునేమో యని శాస్త్రజ్ఞుల యాశ. అందులకే యా యణువుల రూపమును కంప్యూటరులో కట్టి, మందు కాదగిన యణువులను వేలకొలదిగా నందు పొదిగి చూచుచున్నారు.

అయితే ఒక మాట దాచరాదు. రిస్‌డిప్లామ్ వంశమును మొదట పట్టినది కంప్యూటరు కాదు. కణములపై రసాయనములను వరుసగా పరీక్షించిన ప్రయోగశాల. అది ఆర్.ఎన్.ఎ.ను ఎట్లు పట్టుచున్నదో పిమ్మట తెలిసినది. ఆర్.ఎన్.ఎ. సులభముగా లొంగునది కాదు. దాని వెన్నున అడుగడుగున ఋణవిద్యుత్తు, చుట్టును మెగ్నీసియము, నీరు. ఒకే పోగు పలు మడతలు పడును. ప్రోటీనుల రూపమును ఊహించుటలో 2020లో ఆల్ఫాఫోల్డు లోకమును ఆశ్చర్యపఱచినది. కాని 2022 నాటి కాస్ప్ పోటీలో ఆర్.ఎన్.ఎ. నిచ్చినప్పుడు, తమంత నేర్చుకొను యంత్రములను మనుష్యుల యనుభవముతో నడచిన పద్ధతులే మించినవి. యంత్రము నేర్చుటకు ప్రయోగమున కొలిచిన రూపములు వలయును గదా! ప్రోటీనులకు అవి లక్షకు పైగా నుండగా ఆర్.ఎన్.ఎ.కు కొలది వేలే.

అమెరికా క్రే యంత్రము నీయ నిరాకరింపగా 1991 నాటికి పరమ్ 8000 నిర్మించుకొన్న దేశము మనది. 2015లో జాతీయ సూపర్‌కంప్యూటింగు మిషను ఆరంభమైనది. ఆర్.ఎన్.ఎ. జంటబంధములను గణించినవారు హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.లోనే కలరు. కొఱత యంత్రములది కాదు, కొలతలది. యంత్రమును కొని, ప్రారంభోత్సవమునాడు ఫొటో తీయించుకొనుట సులభము. ఒక యణువు వెంట పదేండ్లు తిరుగు యువకుని పోషించుట కష్టము. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, డి.ఎన్.ఎ. నిర్మాణము నడ్డగించి రక్తపు క్యాన్సరును నిలువరించిన అమినాప్టెరిన్ పరిశోధనను అమెరికాలో నడపవలసివచ్చెను.

కావున ప్రభుత్వము ముందుగా ఎన్.ఎం.ఆర్., క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాధనములకును, వానిపై పనిచేయువారి జీతములకును ధనమీయవలెను. ప్రజల సొమ్ముతో కొలిచిన ప్రతి రూపమును అందఱికి తెఱచి యుంచవలెను. చౌకమందులతో లాభపడిన మన కంపెనీలును ఈ వ్యయమున పాలుపంచుకొనుట న్యాయము.