పిచ్చుక పిల్లలు గూడు దాటే రోజు

బియ్యం చెరుగుతూంటే చాట పక్కకే వచ్చి నూకలు ఏరుకుపోయే ఊరపిచ్చుకలు మీకు గుర్తున్నాయి కదూ! చూరులోనో, దేవుడి పటం వెనకో గూడు కట్టి, ఇల్లంతా గడ్డిపోచలు రాల్చి, రోజుకి రెండుసార్లు ఊడిపించేవి. ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలూ వరిమళ్లూ పోయి కాలనీలు లేచాయి. స్లాబు ఇళ్లకు చూరెక్కడిది? అందుకే కొందరు వరండాలో చెక్కపెట్టె తగిలిస్తున్నారు. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం జరుగుతూండడంతో ఈ పెట్టెల సంగతి చాలామందికి తెలిసింది.

పెట్టెకి కన్నం 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు ఉంటే చాలు. పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. కన్నం ముందు వాలడానికి పుల్ల పెట్టకండి, అది కాకికే ఆసరా. నేలకి 8 నుంచి 10 అడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ తగలని చోట, ఫ్యానుకి దూరంగా తగిలించండి.

గుడ్లు సాధారణంగా 3 నుంచి 5 ఉంటాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా పొదిగితే 11 నుంచి 14 రోజుల్లో పిల్లలవుతాయి. పెద్దవి గింజలు తిన్నా, పిల్లలకి మాత్రం మెత్తటి పురుగులే తెచ్చి పెడతాయి. కాబట్టి ఆ రోజుల్లో మీ గులాబీలకీ, కరివేపాకు చెట్టుకీ పురుగుమందు కొట్టకండి.

పుట్టిన రెండు వారాలకి అసలు సందడి మొదలవుతుంది. నోటి అంచున పసుపు ఇంకా పోని చిన్న తల ఒకటి కన్నంలోంచి బయటికి చూస్తుంది. తల్లి పురుగు తెచ్చినా లోపలికి వెళ్లదు. ఎదురుగా బట్టల తీగమీద కూర్చుని పిలుస్తుంది. పిల్ల ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. చివరికి ఎగిరిందో, పడిందో తెలియనట్టుగా మన తులసికోట దగ్గర నేలమీద వాలుతుంది.

"అయ్యో, పడిపోయింది!" అని పరుగెత్తకండి. ఒంటినిండా ఈకలుండి గెంతుతూంటే అది పడిపోయింది కాదు, గూడు దాటింది. అట్టపెట్టెలో పెట్టి పాలు, నీళ్లు పోశారంటే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. పిల్లాడు మొదటిసారి బడికెళ్తూంటే గేటుదాకా వెంటపడే మనకి చేతులు కట్టుకు కూర్చోవడం కష్టమే. కానీ మనం దగ్గరుంటే తల్లి రాదు. లోపలికెళ్లి కిటికీలోంచి చూడండి, కాసేపటికి ముక్కున పురుగుతో వచ్చేస్తుంది.

మనం చేయాల్సిన పని వేరే ఉంది. ఆ పూట పిల్లినీ కుక్కనీ లోపల కట్టేయండి. నీళ్ల తొట్టి, బకెట్లు మూసేయండి. వరండా ఫ్యాను ఆపండి. పిల్లలు మరీ నడిదారిలో ఉంటే మెల్లిగా ఎత్తి పక్కనున్న పొదలో వదలండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదనేది వట్టిమాట. ఈకలైనా రాని పిల్ల జారిపడితే మాత్రం తిరిగి గూట్లోనే పెట్టాలి.

అన్నీ ఒకేరోజు వెళ్లకపోవచ్చు. బయటికొచ్చాక కూడా వారం, పది రోజులు తల్లిదండ్రులే మేపుతాయి. ఒక్కోసారి తల్లి మళ్లీ గుడ్లకి సిద్ధమైతే, గొంతుకింద నల్లమచ్చ ఉన్న తండ్రే ఆ బాధ్యతంతా చూసుకుంటుంది. రెక్కలు టపటపలాడిస్తూ వెంటపడే పిల్లల మధ్య దాని అవస్థ చూసి తీరాలి!

మీ పెట్టె ఖాళీ అయిందని తీసి అటకమీద పడేయకండి. లోపల పిల్లలుగానీ గుడ్లుగానీ లేవని చూసుకుని, పాత గడ్డి దులిపి, అక్కడే తగిలించండి. ఏడాదిలో రెండు మూడుసార్లు గుడ్లు పెట్టే జంటకి అదే చోటు మళ్లీ కావాలి.