పదమూడో స్థానం

మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో తిరునాళ్ళప్పుడు ఎడ్లచేత బండ లాగించే పోటీలు మీరు చూసే ఉంటారు. పెట్టిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. కాని జనం ఈలలు వేసేది గెలిచిన జతకేనా? కాదు. ఎవరి ఊరి జత వారికి ముద్దు. ఈసారి ఓడినా, వచ్చే తిరునాళ్ళకు మళ్ళీ దాని వెంటే వెళతారు.

ముక్త్యాలలో ఉంటూ నేనూ అలాగే ఒక సారథి వెంట పడ్డాను. అయితే ఆయన తోలినవి ఎడ్లు కావు, మోటారు బండ్లు. ఆయన పేరు నరేన్ కార్తికేయన్. ఊరు తమిళనాడులోని కోయంబత్తూరు. తండ్రి కూడా మోటారు పందేలలో పేరు పొందినవాడే.

2005లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కార్తికేయన్ ఫార్ములా వన్ పందెంలో దిగాడు. ఆ పందేలలో పాల్గొన్న మొట్టమొదటి భారతీయుడు ఆయనే. ఆ కబురు చదివిన నాటినుంచి నేను పేపర్లలో వచ్చిన ఆయన బొమ్మలు కత్తిరించి ఒక నోటుబుక్కులో అంటించసాగాను. ప్రతి బొమ్మ పక్కనా ఆ పందెంలో ఆయన ఎన్నోవాడుగా వచ్చాడో రాసేవాణ్ణి. 15, 11, 12, 13, 16! కొన్నిచోట్ల అంకె కూడా లేదు. బండి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన నడిపిన జోర్డాన్ జట్టు కారు, ముందు వరుస కార్లంత వేగం కలది కాదు మరి.

"మీవాడు ఈసారీ వెనకేనా?" అని స్నేహితులు వేళాకోళం చేసేవారు.

ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పందెం. అక్కడ మధ్యాహ్నమైతే మనకు అర్ధరాత్రి. నిద్ర ఆపుకుని టీవీ ముందు కూచున్నాను. ఆ పందెంలో కార్తికేయన్ నాలుగోవాడుగా వచ్చి అయిదు పాయింట్లు సంపాదించాడు!

అయితే ఆనాడు జరిగిన వింత కూడా మీకు చెప్పాలి. అది తెలియాలంటే ముందు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. గుండ్రటి గిన్నెలో ఒక గోళీ వేసి గిన్నెను గిరగిరా ఆడించండి. గోళీ వేగం పెరిగినకొద్దీ గిన్నె గోడమీద పైకి ఎక్కుతుంది. కదిలే వస్తువు తిన్నగా పోవాలని చూస్తుంది. వంకర దారిని పోవాలంటే దాన్ని ఏదో ఒకటి లోపలికి నెట్టాలి. ఇక్కడ ఆ పని చేసేది గిన్నె గోడ. నందిగామ మీదుగా పోయే హైదరాబాదు–విజయవాడ రోడ్డువంటి పెద్ద రోడ్ల మలుపుల్లో బయటి అంచును కొంచెం ఎత్తుగా వేసేది ఇందుకే. అలా వాలుగా ఉన్న మలుపులో బండి జారకుండా ఎక్కువ వేగంతో తిరగగలదు. కాని వేగం హెచ్చినకొద్దీ టైర్లమీద ఒత్తిడి కూడా హెచ్చుతుంది.

ఇండియానాపొలిస్‌లో అటువంటి వాలు మలుపు ఒకటి ఉంది. అక్కడి ఒత్తిడికి మిషెలిన్ కంపెనీ టైర్లు తట్టుకోలేవని పందానికి ముందే బయటపడింది. అందుచేత ఆ టైర్లు వేసుకున్న 14 కార్లు సన్నాహపు చుట్టు తిరిగి పక్కకు తప్పుకున్నాయి. పందెంలో మిగిలినవి ఆరే. ఆ ఆరింటిలో మా సారథి నాలుగోవాడు.

నేను నోటుబుక్కులో "4" అని వేసి, పక్కనే "ఆరు కార్లలో" అని రాశాను.

"అది రాయకపోతే ఏం పోయింది? ఎవరు చూడొచ్చారు?" అన్నాడు ఒక స్నేహితుడు.

కాని అది రాయకపోతే సగం దాచినట్టే గదా! కార్తికేయన్ ఆనాడు 73 చుట్లలో 72 పూర్తిచేసిన మాట నిజం. కార్లు ఆరే ఉన్న మాటా నిజమే.

2010లో ఆయన అమెరికాలో మరో రకం పందేలకు వెళ్ళాడు. వాటిని స్టాక్ కారు పందేలంటారు. వెనకటి రోజుల్లో అంగట్లో అమ్మే కార్లతోనే పందెం వేసేవారు కనుక ఆ పేరు వచ్చింది. వాటిని నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. ఇప్పటి బండ్లు పైకి మామూలు బండ్లలాగే కనిపిస్తాయి గాని, పందెం కోసం ప్రత్యేకంగా కట్టినవి. వాటికి తెరుచుకునే తలుపులుండవు. సారథి కిటికీలోంచి లోపలికి దూరాలి. ముందున్న దీపాలు కూడా అంటించిన బొమ్మలే! కార్తికేయన్ నడిపినది ఆ సంస్థవారి ట్రక్కుల పందెంలో.

మార్చిలో వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్‌లో ఆయన మొదటి పందెం. అక్కడి బాట చుట్టు 846 మీటర్లే. అట్లకాడలా కాదు, కాగితాలకు పెట్టే క్లిప్పులా సాగి ఉంటుంది. రెండు కొసలా బిగువైన మలుపులు, అన్నీ ఎడమకే. పందెం 250 చుట్లు. అంటే సారథి 500 సార్లు వేగం తగ్గించి మళ్ళీ పెంచాలి. అదీ ముప్పైకి పైగా బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండగా! ఫార్ములా వన్ కారు బరువు ఆ రోజుల్లో ఆరేడు వందల కిలోలు. ఈ ట్రక్కు బరువు సుమారు టన్నున్నర. తేలిక బండికి అలవాటుపడ్డ చేతులతో ఈ బరువు బండిని తిప్పుతూ కార్తికేయన్ పదమూడోవాడుగా వచ్చాడు. నాస్కార్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు కూడా ఆయనే అయ్యాడు.

నోటుబుక్కులో 4 పక్కన 13 చిన్నబోయినట్టే కనిపిస్తుంది. కాని నన్నడిగితే ఈ పదమూడే గొప్ప.

ఆ సంవత్సరం ట్రక్కుల పందేలలో ఆయన ఒక్కటీ గెలవలేదు. అయినా ట్రక్కుల పందేలలో ప్రజాదరణ అందరికన్నా ఎక్కువ పొందిన సారథిగా అభిమానులు ఓట్లు వేసి ఆయననే ఎన్నుకున్నారు. ఓట్లు వేస్తే ట్రక్కు వేగం పెరగదు, నిజమే. కాని సారథి కష్టాన్ని కనిపెట్టి చూసేవాళ్ళున్నారని ఆయనకు తెలిసింది గదా! మరుసటి సంవత్సరం అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. అందులో ఆయన పదిహేడోవాడు. ఆ బొమ్మ కూడా నా పుస్తకంలో ఉంది.

బాలలూ! మీ అభిమానం ఆటగాడిమీద కానివ్వండి, ఎడ్ల జతమీద కానివ్వండి, మీరూ ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అందులో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పోటీ పేరు, రెండో గడిలో వచ్చిన స్థానం రాయండి. మూడో గడిలో ఆనాడు ఎవరెవరు పోటీలో ఉన్నారో, ఏ ఇబ్బందులు ఎదురయ్యాయో రాయండి. మూడో గడి కొంచెం వెడల్పుగా ఉండాలి సుమా!