కులానికి గజ్జి పేరు పెట్టకండి

'కులగజ్జి' అనే మాట రెండు నోళ్ల నుంచి వస్తోంది. అభ్యుదయవాదులు అగ్రకుల అహంకారాన్ని తిట్టడానికి వాడతారు. అగ్రకులాల వాళ్లు రిజర్వేషన్ గురించి నోరు తెరిచిన దళిత విద్యార్థిని తిట్టడానికి వాడతారు. "నీకే ఉందిరా కులగజ్జి" అంటారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను.

అసలు గజ్జి అంటే ఏమిటి? కంటికి ఆననంత చిన్న పురుగు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దానిమీద మన ఒళ్లు చేసే తిరుగుబాటే దురద. మొదటిసారి సోకినప్పుడు దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా పక్కవాళ్లకీ పాకుతుంది. చర్మానికి చర్మం ఎక్కువసేపు తగిలితే చాలు. రోజుకి రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా సొరంగంలో పురుగు చావదు. కాబట్టి దీన్ని మురికి రోగం అనడం తప్పు. ఇది ఇరుకు రోగం.

ఇరుకు ఎవరి వాటాకి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. నేను సంక్షేమ హాస్టల్లో చదివాను. ఒక్క దుప్పటి కింద ముగ్గురం పడుకునేవాళ్లం. చలికాలం వచ్చిందంటే వేళ్ల సందుల్లో, మణికట్ల మీద, నడుం చుట్టూ పొక్కులు. వార్డెన్ ఆ పిల్లల్ని బంతిలో చివర కూర్చోబెట్టి "మీ వాడల్లోంచి మోసుకొచ్చారు" అనేవాడు. ముగ్గురికి ఒక దుప్పటి ఇచ్చింది వాడ కాదు, ప్రభుత్వం.

గజ్జితో ఆగదు. గోకితే చర్మం చిట్లుతుంది. చిట్లిన చోట స్టెఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా దిగుతాయి. చీము పొక్కులు లేచి తేనెరంగు పక్కులు కడితే అది ఇంపెటిగో. వెంట్రుక కుదురు లోతుకి దిగితే సెగగడ్డ. ఇంకా కింది పొరల్లోకి పాకితే సెల్యులైటిస్: కాలో చెయ్యో వాచి, కాలిపోతూ, జ్వరం వస్తుంది. పుస్తకాల్లో 'చర్మం ఎర్రబడుతుంది' అని రాసి ఉంటుంది. మన నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు. చేత్తో తాకి వేడి, వాపు, నొప్పి చూడాలి. తాకడానికి ఇష్టపడని డాక్టరుకి ఈ జబ్బు దొరకదు.

స్ట్రెప్టోకోకస్ పుండు మానిన కొన్ని వారాలకి కొందరు పిల్లలకి కిడ్నీలు వాస్తాయి. ముఖం ఉబ్బి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. 'గజ్జే కదా' అనేవాళ్లకి ఈ వరస తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఎవరి నిర్లక్ష్యమో మనం అడగాలి.

సోరియాసిస్, ఎగ్జిమా, సిమెంటు కలిపే కూలీల చేతులు పగిలి వాయడం వేరే రకం. అక్కడ చర్మంలోని వాపే జబ్బు, ఒకరి నుంచి ఒకరికి పాకదు. అయినా ఆ మనిషికి గ్లాసు వేరు, కంచం వేరు. అంటుకోని జబ్బుకి కూడా అంటు పెట్టగల సమాజం మనది. ఆ విద్య దానికి ఎక్కడ అబ్బిందో మనకి తెలుసు.

ఇప్పుడు ఆ తిట్టు సంగతి. గజ్జి పట్టినవాడు నిద్రలేక బాధపడతాడు. కులం పట్టినవాడికి ఇల్లు, పొలం, కాంట్రాక్టు, పెళ్లి సంబంధం దొరుకుతాయి. గజ్జి ఎవరూ కోరి తెచ్చుకోరు. కులాన్ని కొడుక్కి ఆస్తిలా రాసిస్తారు. ఈ పోలికలో లాభం తిన్నవాడు జాలిపడాల్సిన రోగి అయిపోయాడు. నిజం రోగి తిట్టు అయిపోయాడు. పెద్ద గడ్డకి రాచపుండు అని, క్షయకి రాజయక్ష్మ అని పేర్లు పెట్టుకున్న భాష గజ్జిని మాత్రం తిట్టుకి దాచుకుంది.

"వాడుక మాటేగా, అంత లోతెందుకు" అంటారు. ఆ వాడుక మాటే హాస్టల్ పిల్లాడి చెవిన పడుతుంది. వాడు చేతులు జేబుల్లో దాచుకుంటాడు. దాచిన పుండు ముదురుతుంది.

కులాన్ని కులం అనే అందాం. కుల వివక్ష, కుల దురహంకారం, అట్రాసిటీ. ఆఖరిదానికి 1989 నుంచి చట్టం ఉంది. గజ్జికి మందు ఉంది. 5 శాతం పర్మెత్రిన్ క్రీము రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసి పొద్దున కడగాలి, వారానికి మళ్లీ రాయాలి. గదిలో అందరూ, దురద లేనివాళ్లు కూడా, ఒకే రోజు రాసుకోవాలి. ఒక్కడికే రాస్తే పక్కవాడి దగ్గర్నుంచి తిరిగొస్తుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే స్టెరాయిడ్ ట్యూబు దురదని కప్పేస్తుంది, జబ్బుని పెంచుతుంది. చీము, జ్వరం, వాపు ఉంటే ఆసుపత్రికి పోవాల్సిందే.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని. ఈసారి హాస్టల్‌కి వెళ్లినప్పుడు మెనూ ఒక్కటే చూసి రాకండి. గదికి ఎంతమంది, మనిషికి దుప్పటి ఉందా, గది మొత్తానికి ఒకేరోజు మందు ఇచ్చారా అని వార్డెన్‌ని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

జై భీమ్.