పదికి ఎన్ని మార్కులు?

మ్యాచ్ అయిపోయింది. కప్పు ఎవరిదో తేలిపోయింది. ఆటగాళ్లు బస్సెక్కి హోటల్‌కి వెళ్లిపోయారు. అభిమానికి మాత్రం నిద్ర పట్టదు. అతని అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎవరు బాగా ఆడారు, ఎవరు కొంప ముంచారు, ఎవరిని అనవసరంగా బయటికి పిలిచారు... ఒక్కొక్కరి పేరూ తలుచుకుని, పదికి ఇన్ని అని మార్కులు వేస్తే తప్ప అతని మనసు కుదుటపడదు.

ఇది ఒక్క మన ఇళ్లలో జబ్బు కాదు. ఇటలీలో మ్యాచ్ మర్నాడు పత్రికలు ఆటగాళ్లందరికీ మార్కులు వేస్తాయి. ఆ పట్టికను ‘పజెల్లె’ అంటారు. బళ్లో పిల్లలకిచ్చే ప్రోగ్రెస్ కార్డుకి అక్కడి మాట అదే. ఫ్రాన్సులో ‘లెకిప్’ అనే క్రీడా పత్రిక ఉంది. దాని చేత పదికి పది వేయించుకోవడమంటే మన లెక్కల మాస్టారి చేత నూటికి నూరు వేయించుకోవడమే. ఎప్పుడో కానీ జరగదు.

సరే, మార్కులు వేయడం సరదాయే. కానీ ఆ మార్కులు న్యాయంగా పడుతున్నాయా? చూడాలంటే ఒక మ్యాచ్ కావాలి. ఈ తరం ఎన్నటికీ మరచిపోలేని మ్యాచ్ ఒకటుంది. 2022 డిసెంబరు 18, ఆదివారం. ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ మధ్య ప్రపంచకప్ ఫైనల్. మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. అదనపు సమయం కూడా ముగిసేసరికి 3-3. షూటౌట్‌లో 4-2తో కప్పు అర్జెంటీనాది. ఆ రాత్రి అభిమాని వేసిన మార్కులేమిటి? మర్నాడు ప్రశాంతంగా కూర్చుని మ్యాచ్ మళ్లీ చూస్తే వాటిలో ఎన్ని నిలబడతాయి?

మెస్సి, ఎంబాపె

మెస్సికి ఎవరైనా కళ్లు మూసుకుని పదికి తొమ్మిది వేస్తారు. 23వ నిమిషంలో పెనాల్టీ గోల్, 108వ నిమిషంలో మరో గోల్, షూటౌట్‌లో అర్జెంటీనా తరఫున తొలి కిక్కు. 35 ఏళ్ల వయసులో ఆఖరి నిమిషం దాకా మైదానంలోనే ఉన్నాడు. ఈ మార్కు మర్నాటికీ మారదు.

ఎంబాపె సంగతి వేరు. మూడు గోల్స్! పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో హ్యాట్రిక్ అంతకుముందు ఒక్కడే చేశాడు, 1966లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్‌స్ట్. ఎంబాపె షూటౌట్‌లో కూడా గోల్ కొట్టాడు. కాబట్టి పదికి పది అంటాడు అభిమాని. అయితే మొదటి సగం మళ్లీ చూడండి. ఆ 45 నిమిషాల్లో ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేదు. ఎంబాపె అసలు మైదానంలో ఉన్నాడా అనిపిస్తుంది. అది అతని తప్పా? కొంత అతనిది. ఎక్కువ పుణ్యం మాత్రం అర్జెంటీనా కుడివైపు కాపలా కాసిన మొలీనాది, అతనికి తోడుగా పరిగెత్తిన డి పాల్‌ది. ఎంబాపె పేరు మనకు వినబడని ప్రతి నిమిషం వాళ్ల ఖాతాలో పడాల్సిన మార్కే. కానీ జరగని గోల్‌కి స్కోరుబోర్డులో చోటుండదు. అందుకే ఆ ఇద్దరికీ అభిమాని ఆ రాత్రి ‘ఆరు’ వేసి ఊరుకుంటాడు. మర్నాడు ఎనిమిది వేయాల్సిందే.

అరవై నాలుగు నిమిషాల హీరో

డి మరియాకి అప్పటికి 34 ఏళ్లు. 2014 ఫైనల్లో అర్జెంటీనా జర్మనీ చేతిలో ఓడినప్పుడు తొడ గాయంతో బెంచీ మీద కూర్చున్నవాడు. ఈసారి అతన్ని పడగొట్టినందుకే తొలి పెనాల్టీ వచ్చింది. 36వ నిమిషంలో మెస్సి, అల్వారెజ్, మ్యాక్ అలిస్టర్ కాళ్ల మీదుగా చకచకా వచ్చిన బంతిని గోల్‌లోకి పంపింది కూడా అతనే. 64వ నిమిషంలో కోచ్ బయటికి పిలిచాడు. ఆ తర్వాత గంటకు పైగా నాటకం నడిచింది. చివర్లో అభిమానికి గుర్తున్నది మెస్సి, ఎంబాపె, గోల్‌కీపర్. డి మరియా ఎప్పుడో మొదటి అంకంలో వచ్చిపోయిన పాత్రలా మిగిలిపోయాడు. అతను వెళ్లాకే ఫ్రాన్స్ ఊపిరి పీల్చుకుందన్న మాట మ్యాచ్ మళ్లీ చూస్తే తప్ప తట్టదు. తొమ్మిదికి తగ్గకూడని ఆట అది.

ఒక్క రాత్రిలో విలన్, హీరో

మోంటియెల్ అదనపు సమయంలో బదులుగా వచ్చాడు. అర్జెంటీనా 3-2తో గెలుపు వాకిట్లో ఉండగా, ఎంబాపె కొట్టిన షాట్ అతని చేతికి తగిలింది. పెనాల్టీ. 118వ నిమిషంలో స్కోరు సమం. ఆ క్షణంలో అర్జెంటీనా అభిమాని అతనికి వేసిన మార్కు పత్రికలో అచ్చు వేసేది కాదు! కాసేపటికి షూటౌట్‌లో కప్పు గెలిపించే కిక్కు కొట్టాల్సింది ఎవరు? అదే మోంటియెల్. కొట్టాడు. సున్నా కాస్తా ఏడయింది. మధ్యలో అతను మారలేదు. చూసేవాళ్ల కళ్లు మారాయి, అంతే.

గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ సంగతీ చూడాలి. ఆట ముగియడానికి కొన్ని క్షణాల ముందు ఫ్రాన్స్ కుర్రాడు కోలో మువానీ ఒంటరిగా ఎదురొచ్చి గట్టిగా కొట్టాడు. మార్టినెజ్ ఎడమ కాలు చాచి ఆపాడు. ఆ కాలు తగలకపోతే కప్పు పారిస్‌కి వెళ్లేదే. షూటౌట్‌లో ఒక కిక్కు ఆపాడు. అయితే మరో ఆటగాడు కిక్కుకు సిద్ధమవుతుంటే బంతిని దూరంగా విసిరేసి విసిగించాడు కూడా. ఆటకు తొమ్మిదిన్నర, నడతకు కొంత కోత అనుకున్నవాళ్లు చాలామందే. 2023లో నిబంధనల పుస్తకం కూడా, పెనాల్టీ సమయంలో గోల్‌కీపర్ కిక్కు కొట్టేవాడి ఏకాగ్రతను అన్యాయంగా చెడగొట్టకూడదని స్పష్టంగా రాసింది.

మార్కులు తిట్లయితే...

ఇక ఓడిన జట్టు. షూటౌట్‌లో కోమన్ కొట్టిన కిక్కును మార్టినెజ్ ఆపేశాడు. చువామెని కొట్టింది గోల్ పక్క నుంచి బయటికి పోయింది. అభిమాని ఇద్దరికీ మూడు, నాలుగు వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. సామాజిక మాధ్యమాల్లో కొందరు వాళ్ల ఒంటి రంగును పట్టుకుని తిట్టారు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య ఖండించింది. కోమన్ అప్పుడు ఆడుతున్న బేయర్న్ మ్యూనిక్ క్లబ్ అతనికి అండగా నిలిచింది.

ఇప్పుడు 81వ నిమిషం మళ్లీ చూడండి. ఎంబాపె కొట్టిన ఆ కళ్లు చెదిరే రెండో గోల్ ఎక్కడ మొదలైంది? మెస్సి కాళ్ల దగ్గర నుంచి ఒకతను బంతి లాక్కున్నాడు. అతనే కోమన్! అతను లేకపోతే షూటౌట్ దాకా వెళ్లే మాటే లేదు. చువామెనికి అప్పటికి 22 ఏళ్లు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద దూరం నుంచి గోల్ కొట్టి జట్టును ముందుకు నడిపింది అతనే. ఆ కిక్కులు తీసుకోవడానికి ముందుకొచ్చినవాళ్లకే తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఉండదు.

ఒక్క క్షణానికి వేసిన మార్కు ఒక మనిషిని ఎంతకాలం వెంటాడుతుందో బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసా కథ చెబుతుంది. 1950 జులై 16న రియోలోని మారకానా స్టేడియంలో డ్రా చేసుకున్నా బ్రెజిల్‌దే కప్పు. 79వ నిమిషంలో ఉరుగ్వే రెండో గోల్ కొట్టింది. 2-1తో గెలిచింది. ఆ గోల్ ఆపలేకపోయాడని నిందంతా బార్బోసా మీద పడింది. అంతకుముందు ఏడాదే దక్షిణ అమెరికా కప్పు గెలిచిన జట్టుకి గోల్‌కీపర్ అతనే. అది ఎవరికీ గుర్తు రాలేదు. తమ దేశంలో అతి పెద్ద జైలు శిక్షే ముప్పై ఏళ్లని, తనది మాత్రం యాభై ఏళ్లయినా ముగియలేదని అతను వాపోయేవాడు. 2000లో కన్నుమూశాడు. ఒక మ్యాచ్‌లో ఒక్క నిమిషానికి పడిన సున్నా అది. ఎవరూ దిద్దలేదు.

పట్టికలో లేని పేరు

ఈ మార్కుల పట్టికలో సాధారణంగా కనిపించని పేరు ఇంకొకటుంది. కోచ్. మ్యాచ్ 41వ నిమిషంలో ఫ్రాన్స్ కోచ్ దెషాంప్స్ ఒకేసారి ఇద్దరు పేరున్న ఆటగాళ్లను, జిరూను, దెంబెలెను బయటికి పిలిచి తురాంను, కోలో మువానీని దింపాడు. పిచ్చెక్కిందా అనుకున్నారు జనం. 80వ నిమిషంలో కోలో మువానీని పడగొట్టినందుకే ఫ్రాన్స్‌కి పెనాల్టీ వచ్చింది. మరుసటి నిమిషంలో ఎంబాపెకి బంతి అందించింది తురాం. అవతల అర్జెంటీనా కోచ్ స్కలోని, ఎక్కువగా కుడివైపు ఆడే డి మరియాను ఆ రోజు ఎడమవైపు నిలబెట్టాడు. మొదటి రెండు గోల్స్ అక్కడి నుంచే పుట్టాయి.

ఆటగాణ్ని ఒకచోటు నుంచి తీసి మరోచోట నిలబెట్టి ఫైనల్ గెలవడం మన హైదరాబాదీలకు కొత్త కాదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. తొలి దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. మన కోచ్ హైదరాబాద్‌కు చెందిన, ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందు మ్యాచ్‌లో తగిలిన గాయం, దాని మీద కుట్లు. రహీమ్ అతన్ని వెనక నుంచి తీసి ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది. రెండోది ఆ జర్నైల్‌దే. రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. స్కోరుబోర్డులో ఆయన పేరు లేదు. ఆయన కథతో ‘మైదాన్’ సినిమా వచ్చింది 2024లో. పూర్తి మార్కులు పడడానికి అరవై ఏళ్లు దాటింది.

మరి మార్కులు వేయడం మానేయాలా? అక్కర్లేదు. అది మానేస్తే ఆట చూడడంలో సగం మజా పోతుంది. ఇంట్లో నలుగురూ కూర్చుని ‘వాడికి ఏడెందుకు, వీడికి అయిదెందుకు’ అని వాదించుకోవడం మ్యాచ్ అంత రుచిగా ఉంటుంది. కాకపోతే వేసేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బంతి అతని దగ్గర లేనప్పుడు ఏం చేశాడు? అతను ఆపడం వల్ల జరగకుండా పోయిందేమిటి? చివరి అయిదు నిమిషాలు తీసేస్తే అతనికి ఎన్ని వేస్తాం? ఈ మూడో ప్రశ్న పిల్లల ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది. ఒక్క పరీక్షలో తప్పిన ఒక్క లెక్క చూసి ఏడాదంతా చదివిన చదువును కొట్టేసే పెద్దలు మన ఇళ్లలో తక్కువేం కాదు.

కాబట్టి మార్కులు వేయండి. నిరభ్యంతరంగా వేయండి. పెన్నుతో మాత్రం వద్దు. పెన్సిల్‌తో వేయండి. పక్కనే రబ్బరు పెట్టుకోండి.